ఊరి చందాలతో స్కూబా సెట్లు కొనాలా? నీటిలో మునిగినవారిని కాపాడటానికి నిజంగా పనికొచ్చే పరికరాలు

కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఏటా వేసవిలో ఇసుక గుంతల్లో, రేవు దగ్గర ఒకరిద్దరు పిల్లలు మునిగిపోతున్నారు. ఊరి యువకులు చందాలు వేసుకున్నారు, విదేశాల్లో ఉంటున్న ఊరివాళ్లు కూడా కొంత పంపారు. ఆ డబ్బుతో రెండు స్కూబా సెట్లు (నీటి అడుగున ఊపిరి పీల్చుకోవడానికి వీపున వేసుకునే గాలి సిలిండర్, దాని సామాను) కొని ఊళ్లోని గజ ఈతగాళ్లకు అప్పగించాలని ఆలోచన. ఏ కంపెనీవి కొనాలి, ఎంత లోతు దాకా పనికొస్తాయి, సిలిండర్లు ఎక్కడ నింపించాలి అని అడిగారు.

కంపెనీ పేర్ల కన్నా ముందు ఒక టైమ్ లెక్క చెప్తాను. మీ డబ్బు దేని మీద పెట్టాలో దాన్నిబట్టే తేలిపోతుంది. నీళ్లలో మునిగి ఊపిరి ఆగిన మనిషి మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ఐదు నిమిషాల లోపు పైకి తీసి ఊపిరి ఇవ్వగలిగితే బతికి మామూలు మనిషి కావడానికి మంచి అవకాశం ఉంది. పది నిమిషాలు దాటితే ఆ అవకాశం బాగా పడిపోతుంది. అరగంట మునిగి ఉండి కూడా బతికారని మీరు ఎక్కడైనా చదివి ఉంటే అవి దాదాపు అన్నీ మంచులాంటి నీళ్లలో, ఎక్కువగా చిన్నపిల్లల విషయంలో జరిగినవి. మే నెలలో కృష్ణ నీళ్లు అలా ఉండవు.

ఇప్పుడు స్కూబా సెట్ సంగతి చూడండి. అది ఎక్కడో తాళం వేసిన గదిలో ఉంటుంది. తాళం చెవి ఉన్న మనిషి రావాలి, రేవు దాకా మోయాలి, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) బిగించి సిలిండర్ తెరిచి ప్రెజర్ చూడాలి, జాకెట్ తొడుక్కోవాలి, బరువుల బెల్టు కట్టుకోవాలి, ఒడ్డున తాడు పట్టుకునే మనిషిని నిలబెట్టాలి. సామాను పక్కనే ఉన్నా సరే, ఆరితేరిన జట్టుకి కూడా పది పదిహేను నిమిషాలు పడుతుంది. అప్పటికి కాపాడే సమయం అయిపోయి ఉంటుంది. మన నదుల్లో, చెరువుల్లో స్కూబా వేసుకుని దిగేవాళ్లు చేసేది నూటికి తొంభై పాళ్లు శవాన్ని వెతికి తీయడమే. అది తక్కువ పనేమీ కాదు. బిడ్డ దొరక్క ఒడ్డున మూడు రోజులుగా కూర్చున్న తల్లిదండ్రుల ముఖాలు చూసిన ఎవరికైనా ఆ పని విలువ తెలుసు. కానీ ఆ పనిని ప్రాణం కాపాడటం అనుకుని డబ్బంతా దానికే పెడితే వచ్చే ఏడాది మళ్లీ అదే రేవులో అదే జరుగుతుంది.

గోదావరి మీద 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వరద గోదారి, కొండల మధ్య ఇరుకు, సుడులు. ఆ రోజు ప్రాణాలతో బయటపడ్డ 26 మందిలో ఎక్కువమందిని కాపాడింది దగ్గర్లోని గిరిజన గ్రామాలవాళ్లు. నాటు పడవలేసుకుని నిమిషాల్లో వెళ్లి, లైఫ్ జాకెట్లతో తేలుతున్నవాళ్లని అందుకున్నారు. ఆ తర్వాత ఎన్‌డీఆర్ఎఫ్ వచ్చింది, నేవీ డైవర్లు వచ్చారు, శబ్ద తరంగాలతో నీటి అడుగున వెతికే సైడ్ స్కాన్ సోనార్ వచ్చింది. అందరూ శక్తికి మించి కష్టపడ్డారు. అయినా వాళ్లు వచ్చేసరికి కాపాడటానికి ఎవరూ మిగల్లేదు. బోటు 200 అడుగుల పైచిలుకు లోతులో ఉండటంతో, ఆ ప్రవాహంలో డైవర్లు దాని దగ్గరికి వెళ్లడమే ఎన్నో రోజులు కుదరలేదు. చివరికి కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనప తాళ్లు, పొక్లెయినర్లతో లాగి, వరద తగ్గాక, విశాఖ నుంచి వచ్చిన డైవర్ల సాయం కూడా తీసుకుని 38వ రోజున దాన్ని ఒడ్డుకు చేర్చింది.

కాబట్టి మీ దగ్గరున్న డబ్బులో మొదటి భాగం ఒడ్డున పెట్టండి. రేవులో, ఇసుక గుంతల దగ్గర, మెట్ల పక్కన ఎవరికైనా చేతికందేలా విసిరే తాళ్లు ఉండాలి. చిన్న సంచిలో 15 నుంచి 20 మీటర్ల తాడు కుక్కి ఉంటుంది. తాడు కొస పట్టుకుని సంచిని మునుగుతున్న మనిషి మీదుగా అవతల పడేలా విసిరితే తాడు విప్పుకుంటూ వెళ్లి అతని భుజాల మీద పడుతుంది. ఇక్కడ ఒక విషయం గమనించండి: హార్డ్‌వేర్ షాపులో మామూలుగా ఇచ్చే నైలాన్ తాడు నీళ్లలో మునుగుతుంది. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది. మునిగిపోయే తాడు మనిషికి కనపడదు, పైగా బోటు ఫ్యాన్‌కి చుట్టుకుంటుంది. తేలేదే అడిగి తీసుకోండి, అదీ పసుపో నారింజో రంగుది.

తాడుతో పాటు పొడవాటి వెదురు గడలు, గాలి నింపిన లారీ ట్యూబులు, నాలుగైదు మంచి లైఫ్ జాకెట్లు, ఒక పుట్టి లేదా చిన్న ఫైబర్ పడవ. అంతే. గడ అందించడం, తాడు విసరడం, పడవ వేసుకుని వెళ్లడం, ఈ మూడూ కుదరనప్పుడే మనిషి నీళ్లలోకి దిగాలి, అదీ లైఫ్ జాకెట్ వేసుకుని, నడుముకి తాడు కట్టుకుని. మునిగేవాడు దొరికినదాన్నల్లా పట్టుకుని దాని మీదకి ఎక్కాలని చూస్తాడు. ఒకరి కోసం దిగి ఇద్దరు, ముగ్గురు అన్నదమ్ములు పోయిన వార్తలు మన పేపర్లలో ప్రతి వేసవిలో వస్తూనే ఉంటాయి. 2018 కేరళ వరదల్లో మత్స్యకారులు తమ సొంత పడవల్ని లారీల మీద ఎక్కించుకొచ్చి వేలమందిని బయటికి తెచ్చారు. వాళ్ల దగ్గర స్కూబా సెట్లు లేవు. పడవ ఉంది, నీళ్లు తెలుసు.

బయటికి తీశాక చేసేది కూడా పరికరంతో సమానమే. పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం మనవాళ్లకు అలవాటు. అవి చేయకండి. దానివల్ల పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి. మునిగిన మనిషికి కావాల్సింది మొదట ఊపిరి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి ముందు ఊపిరి ఇచ్చి, ఆ వెంటనే ఛాతీ మధ్యలో 30 నొక్కులు, మళ్లీ 2 ఊపిర్లు, 108 వచ్చేదాకా ఆపకుండా. ఊపిరి ఇచ్చే అంబు బ్యాగ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఊళ్లో ఇరవైమందికి ఇది నేర్పిస్తే స్కూబా సెట్ కన్నా ఎక్కువ ప్రాణాలు నిలబడతాయని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే డైవింగ్ పరికరాలు బతికున్న మనిషిని కాపాడిన సందర్భాలే లేవా అంటే ఉన్నాయి. గాలి ఉన్న చోట మనిషి చిక్కుకుని, బయటికి దారి నీళ్లలోంచే ఉన్నప్పుడు.

2013 మేలో నైజీరియా తీరంలో జాస్కన్-4 అనే టగ్ బోటు తిరగబడి దాదాపు 30 మీటర్ల లోతుకి మునిగింది. పన్నెండు మంది సిబ్బందిలో పదకొండు మంది చనిపోయారు. వంటమనిషి హారిసన్ ఒకెనే మాత్రం తిరగబడ్డ క్యాబిన్‌లో మిగిలిన గాలి బుడగలో అరవై గంటల దాకా బతికున్నాడు. శవాలు తీయడానికి దిగిన డైవర్ చేతిని అతను పట్టుకున్నాడు. ఇక పైకి తేవడమే కదా అనిపిస్తుంది. కానీ అంతసేపు 30 మీటర్ల ఒత్తిడిలో ఊపిరి పీల్చిన మనిషి ఒంట్లోకి నైట్రోజన్ బాగా ఇంకిపోయి ఉంటుంది. నేరుగా పైకి తెస్తే సోడా సీసా మూత తీసినట్టు రక్తంలో బుడగలు లేచి చనిపోతాడు. అందుకని డైవింగ్ హెల్మెట్ తొడిగించి, నీటి అడుగునే ఉన్న డైవింగ్ బెల్‌లోకి (డైవర్లని దింపే, లోపల గాలి ఉండే చిన్న గది) తీసుకెళ్లి, అదే ఒత్తిడిలో ఓడ మీదున్న మూసిన చాంబర్‌లోకి మార్చి, రెండు రోజులకు పైగా మెల్లగా ఒత్తిడి తగ్గించి బయటికి తెచ్చారు. అతన్ని బతికించింది ఆ హెల్మెట్, ఆ బెల్, ఆ చాంబర్. ఇలాంటి పనికి తగిన ఓడ ఇప్పుడు మన దగ్గరా ఉంది. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులైలో నేవీలో చేరింది. 300 మీటర్ల దాకా డైవర్లని దింపగలదు, మునిగిన సబ్‌మెరైన్‌లోంచి మనుషుల్ని తెచ్చే రెస్క్యూ వాహనానికి తల్లి ఓడగా పనిచేస్తుంది.

2018లో థాయిలాండ్ తామ్ లువాంగ్ గుహలో వరద నీళ్లు కమ్మి చిక్కుకున్న పన్నెండుమంది పిల్లలు, వాళ్ల కోచ్ సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ పని చేసిన అసలు పరికరం ముఖం మొత్తాన్ని కప్పే ఫుల్ ఫేస్ మాస్క్. మామూలు రెగ్యులేటర్‌ని పళ్లతో పట్టుకోవాలి. స్పృహ తప్పితే నోట్లోంచి జారిపోతుంది. ఆ పిల్లలకి భయంతో గింజుకోకుండా మత్తు ఇచ్చారు కాబట్టి పళ్లతో పట్టుకునేది వాళ్లకి పనికిరాదు. ఫుల్ ఫేస్ మాస్క్‌లో లోపలి గాలి ఒత్తిడి బయటి నీటి కన్నా కొంచెం ఎక్కువ ఉండేలా పెట్టారు. అంచు దగ్గర సందు పడినా గాలి బయటికి పోతుందే గానీ నీళ్లు లోపలికి రావు. ముందు పిల్లల సైజుకి సరిపోతుందో లేదో స్విమ్మింగ్ పూల్‌లో స్థానిక పిల్లలకి పెట్టి చూశారు. అదే గుహలో, పిల్లలు బయటికి రాకముందే, థాయ్ నేవీ మాజీ డైవర్ సమన్ కునన్ దారి పొడవునా సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ ప్రాణాలు కోల్పోయారు. ఆయన మామూలు మనిషి కాదు, శిక్షణలో, దేహదారుఢ్యంలో ముందువరసలో ఉండేవాడు. మీ గజ ఈతగాళ్ల చేతికి సిలిండర్ ఇచ్చేముందు ఆ విషయం గుర్తు పెట్టుకోవాలి.

గజ ఈతగాళ్ల గురించే అసలు ముఖ్యమైన మాట చెప్పాలి. వాళ్ల నైపుణ్యం అంతా ఊపిరి బిగబట్టడంలో ఉంది. స్కూబాలో చంపేది సరిగ్గా ఆ అలవాటే. పై నుంచి ఊపిరి బిగబట్టి దిగిన మనిషి ఛాతీలోని గాలి లోతులో కుంచించుకుని, పైకి వచ్చేసరికి మళ్లీ మామూలు సైజుకి వస్తుంది. ప్రమాదం లేదు. సిలిండర్ గాలి అలా కాదు, లోతులో ఉన్న ఒత్తిడికి సమానంగా ఛాతీ నిండా వస్తుంది. 10 మీటర్ల లోతులో నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు చిరిగి గాలి రక్తంలోకి పోయి మెదడుకి చేరుతుంది. దీనికి పది మీటర్లు అక్కర్లేదు, నాలుగైదు అడుగుల తేడా చాలు, మన ఎత్తు లోతులోనే జరగొచ్చు. పాతికేళ్లుగా నదిలో దిగుతున్న మనిషి శవాన్ని పట్టుకోగానే అలవాటు ప్రకారం ఊపిరి బిగించి పైకి తంతాడు. శిక్షణ లేకుండా సెట్ ఇవ్వకండి అని నేను పట్టుబట్టేది ఇందుకే. అనుభవం ఎంత ఎక్కువ ఉంటే ఆ అలవాటు అంత గట్టిగా ఉంటుంది.

గాలి లెక్క కూడా వాళ్లకి కొత్త. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడికి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) నింపితే 2400 లీటర్ల గాలి ఉంటుంది. ఒడ్డుకి తిరిగి రావడానికి 50 బార్ పక్కన పెడితే వాడుకోగలిగింది 1800. తాపీగా ఈదే మనిషికి నిమిషానికి 20 లీటర్లు సరిపోతాయి. ప్రవాహానికి ఎదురీదుతూ, చీకట్లో తడుముతూ, శవం తగులుతుందేమోనన్న టెన్షన్‌లో ఉన్న మనిషికి 40 లీటర్లు కూడా చాలవు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి ఆ 40 కాస్తా 80 అవుతుంది. అంటే 22 నిమిషాలు. 30 మీటర్లలో 11 నిమిషాలు. మీరు అడిగిన లోతు సంగతికి నా జవాబు, మొదటి కోర్సు చేసినవాళ్లకి హద్దు 18 మీటర్లు, అదీ తేటగా ఉన్న నీళ్లలో. కృష్ణలో వరద లేనప్పుడు ఊళ్లవాళ్లు చేసే పని ఏదైనా 10 మీటర్ల లోపే ఉండాలి.

వార్తల్లో ఆక్సిజన్ సిలిండర్లు అని రాస్తుంటారు. దాన్ని నమ్మి ఎవరైనా ఆసుపత్రి సిలిండర్లనో, వెల్డింగ్ షాపు సిలిండర్లనో నింపిస్తే ఘోరం జరుగుతుంది. స్కూబాలో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, పొడి చేసి, వడపోసి ఒత్తిడితో నింపింది. స్వచ్ఛమైన ఆక్సిజన్ 6 మీటర్లు దాటిన లోతులో విషంలా పనిచేస్తుంది, ఫిట్స్ వచ్చి నీళ్లలోనే మునిగిపోతారు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కూడా వద్దు, అందులో ఆయిల్ ఆవిరి ఉంటుంది. డీజిల్ కంప్రెసర్‌తో నింపేటప్పుడు గాలి లాగే గొట్టం దాని పొగ గొట్టం పక్కనే ఉంటే కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్‌లోకి పోతుంది, లోతులో అది ఇంకా తీవ్రంగా పనిచేస్తుంది. శ్వాస గాలికి పనికొచ్చే కంప్రెసర్ ఉన్న చోటే నింపించాలి. మీకు దగ్గర్లో అంటే విశాఖలోని డైవింగ్ సెంటర్లే దారి. సిలిండర్‌కి గడువు ప్రకారం హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) చేయించాలి. ఈ రానుపోను ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. నింపే దారి లేక రెండో ఏడాదికే మూలన పడ్డ సెట్లు నేను చాలా చూశాను.

సరే, శిక్షణ తీసుకున్నారు, గాలి దారీ దొరికింది, శవాన్ని వెతికే పని కూడా చేయగల జట్టు కావాలి అనుకుందాం. అప్పుడు సిలిండర్ కన్నా ముందు కొనాల్సింది తాడు, దాన్ని పట్టుకునే మనిషికి ఇవ్వాల్సింది శిక్షణ. మన నదుల్లో నీటి అడుగున కళ్లు పనిచేయవు. లైటు వేస్తే బురద తెల్లగా మెరుస్తుంది తప్ప అర చెయ్యి దూరం కనపడదు. డైవర్ చేతులతో తడుముతూ వెతుకుతాడు. ఎక్కడ వెతికాడో, ఎక్కడ వెతకలేదో అతనికి తెలియదు. ఒడ్డున ఉన్న మనిషికి తెలుస్తుంది. తాడు బిగుతుగా పట్టుకుని, డైవర్ ఒక కొస నుంచి ఇంకో కొసకి విల్లులా తిరిగేలా చూసి, ఒక మీటరు లాగి, మళ్లీ వెనక్కి తిప్పించాలి. తాడు లాగే సంకేతాలు ముందే జట్టులో అందరికీ ఒకేలా ఉండాలి, ఒడ్డు మీద రోజూ సాధన చేయాలి. ఎన్ని నిమిషాలైంది, ఎంత గాలి మిగిలి ఉంటుందో రాసుకునేదీ ఒడ్డున ఉన్న మనిషే. రెండో డైవర్ పూర్తిగా తయారై, మాస్క్ మెడలో వేసుకుని ఒడ్డున కూర్చోవాలి, మొదటివాడికి ఏమైనా అయితే దిగడానికి. అందువల్ల రెండు సెట్లు ఉన్నాయంటే నీళ్లలో దిగేది ఒక్కడే. ఇద్దర్నీ ఒకేసారి దింపే జట్టుతో నేనైతే పనిచేయను.

నదిలో పాత వలలు, గేలపు తీగలు, గుర్రపుడెక్క వేళ్లు, విరిగిన కొమ్మలు ఉంటాయి. సన్నని వల తీగని కత్తితో కోయడం కష్టం, ఆసుపత్రుల్లో బట్టలు కత్తిరించే బలమైన కత్తెర ఒక్క చేత్తో పనిచేస్తుంది. కత్తెర ఒకటి, కత్తి ఒకటి, ఒకటి ఛాతీ మీద, ఒకటి నడుము దగ్గర, ఏ చెయ్యి ఇరుక్కున్నా రెండోదానికి అందేలా. మెయిన్ సిలిండర్‌తో సంబంధం లేని చిన్న సిలిండర్ ఇంకొకటి వేరే రెగ్యులేటర్‌తో ఉండాలి, చిక్కుకుపోతే అదే ప్రాణం. పట్టణాల మురుగు కలిసే చోట ఫుల్ ఫేస్ మాస్క్, ఒంటికి నీళ్లు తగలనివ్వని రబ్బరు డ్రై సూట్ లేకుండా దిగకూడదు. ఇవన్నీ కలిపితే మీ రెండు సెట్ల బడ్జెట్ ఒక్క డైవర్‌కి కూడా సరిపోకపోవచ్చు. ఆ మాట ముందే తెలిస్తే మంచిది.

వెతకడం మొదలుపెట్టేముందు చూసినవాళ్లని వాళ్లు చూసిన చోటే నిలబెట్టండి. చాలాచోట్ల పిల్లలంతా భయంతో ఏడుస్తూ ఒక చోట గుమిగూడతారు, "అక్కడెక్కడో" అంటారు. ఇద్దర్ని వాళ్లు నిలబడ్డ అసలు చోట్లకి తీసుకెళ్లి చెయ్యి చాపి చూపించమంటే, ఆ రెండు చూపులూ కలిసే చోట వెతుకులాట మొదలుపెట్టొచ్చు. ప్రవాహం తక్కువున్న గుంతల్లో మనిషి కనపడకుండా పోయిన చోటికి పెద్ద దూరం వెళ్లడు. ఇది ఐదు పైసల ఖర్చు లేని పని, నేను చూసినంతలో సోనార్ కన్నా త్వరగా ఫలితం ఇచ్చింది ఇదే.

రెండు చోట్ల మాత్రం ఎంత సామాను ఉన్నా దిగొద్దు. ఒకటి బ్యారేజీ గేట్లు, చెరువు తూములు. తూము దగ్గర ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఖాళీ. మూడు మీటర్ల నీటి కింద ఒక అడుగు వెడల్పున్న తూముకి మనిషి కాలో నడుమో అడ్డంపడితే దాని మీద 200 కిలోలకు పైగా బరువు పడుతుంది. నలుగురు తాడు పట్టుకుని లాగినా రాడు. నీళ్లలో ఉన్నవాడికి ఆ లాగుడు దగ్గరికెళ్లేదాకా తెలియదు. అవతలి వైపు నీటిమట్టం సమం చేయించాకే, గేటు కదలకుండా ఇరిగేషన్ వాళ్లతో రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే దిగాలి. రెండోది పాడుబడ్డ బావులు. నీళ్ల పైన ఉన్న గాలిలోనే ఆక్సిజన్ లేకపోవచ్చు, దిగినవాళ్లు దిగినట్టే పడిపోతారు. అది ఫైర్ సర్వీస్ వాళ్ల పని. వాళ్లు వీపున వేసుకునే గాలి సెట్‌ని నీళ్లలో వాడటం కూడా కుదరదు, రెండూ వేర్వేరు పరికరాలు.

నా సలహా ప్రకారం ఈ వేసవికి తాళ్లు, గడలు, జాకెట్లు, పడవ, అంబు బ్యాగులు కొని, ఊపిరి ఇవ్వడం మీద శిక్షణ పెట్టించండి. విజయవాడ దగ్గర కొండపావులూరులో ఎన్‌డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉంది, పంచాయతీ తరఫున ఉత్తరం రాసి ఊళ్లో శిక్షణ ఇవ్వమని అడగండి. మిగిలిన డబ్బుతో ఊళ్లోని ఇద్దరు యువకుల్ని విశాఖలో డైవింగ్ కోర్సుకి పంపండి, ఒకరిద్దరు గజ ఈతగాళ్లని కూడా కలిపి. వాళ్లు తిరిగొచ్చాక సెట్ కొనాలో వద్దో వాళ్లే మీకన్నా, నాకన్నా బాగా చెప్తారు. ఈలోగా మీ రేవు దగ్గర వేసవిలో లోతు ఎంత, అడుగున ఇసుకా బురదా, ఎగువన గేట్లు ఎంత దూరంలో ఉన్నాయి, పిల్లలు ఎక్కువగా దిగేది ఏ గుంతల్లోనో రాయండి. ఎన్ని తాళ్లు ఎక్కడ పెట్టాలో, ఎలాంటి పడవ సరిపోతుందో దాన్నిబట్టి చెప్తాను.